షహీదా, హంతకుడా? భాయీ మేవా సింగ్ కథను మన పిల్లలకు ఎలా చెప్పాలి

ఈ పాఠం ఒక పిల్లవాడి ప్రశ్నతో మొదలైంది. ఒక ఆదివారం గురుముఖి క్లాసు అయిపోయాక పన్నెండేళ్ళ కుర్రవాడొకడు వాళ్ళ అన్న ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. అందులో కెనడాలోని ఒక గురుద్వారా ఫోటో ఉంది. గోడ మీద ఒక సర్దార్ జీ చిత్రపటం, కింద ‘షహీద్ భాయీ మేవా సింగ్’ అని పేరు.

“గ్యానీ జీ, ఈయన కోర్టులో ఒక ఆఫీసర్ని కాల్చి చంపాడంట. మరి గురుద్వారాలో ఫోటో ఎందుకు పెట్టారు?” అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే వాళ్ళ అన్న అందుకున్నాడు. “మగాడంటే ఆయనేరా! నా స్టేటస్ కూడా అదే పెట్టుకున్నా,” అన్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్న వాళ్ళమ్మ ముఖం వాడిపోయింది. “తమ్ముడూ, ఇలాంటివి పిల్లలకు చెప్పకండి. ఊళ్ళో ఎక్కడ కత్తిపోటు జరిగినా ముందు మన వీధికే వస్తారు. కొలిమి ముందు కూర్చున్న పాపానికి వీళ్ళ నాన్న ఎన్నిసార్లు స్టేషన్ మెట్లెక్కాడో మీకు తెలియదా?” అంది.

చిన్నవాడిది ప్రశ్న, పెద్దవాడిది గర్వం, తల్లిది భయం. మూడూ నిజమైనవే. ఆ రోజు నేను, “వచ్చే వారం చెప్తాను,” అని తప్పించుకున్నాను. వారమంతా చదివి, ఆలోచించి వాళ్ళకు చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

1. తలుపులు మూసిన దేశం

మేవా సింగ్ అమృత్‌సర్ జిల్లా లోపోకే గ్రామంలో పుట్టాడు. 1906లో కెనడా వెళ్ళాడు. పసిఫిక్ తీరాన ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో, కలప కోసే మిల్లులో కూలి పని చేశాడు. ఆయన పెద్ద చదువులు చదివినవాడు కాదు, నాయకుడూ కాదు. పాఠం చేసుకుంటూ, పని చేసుకుంటూ బతికిన మామూలు సిక్కు.

అక్కడి సంగత్ 1906లో ఖాల్సా దీవాన్ సొసైటీ పెట్టుకుంది. 1908లో వాంకూవర్ నగరంలో గురుద్వారా కట్టుకుంది. అది కూలి డబ్బులతో లేచిన గురుద్వారా. కానీ ఆ దేశం వాళ్ళను మనుషులుగా చూడలేదు. 1907లో ఆ రాష్ట్రం భారతీయుల ఓటు హక్కు తీసేసింది. 1908లో కెనడా ప్రభుత్వం ఇంకో నిబంధన తెచ్చింది. వచ్చేవాళ్ళు పుట్టిన దేశం నుంచి మధ్యలో ఆగకుండా, ఒకే టికెట్ మీద రావాలంది. భారతదేశం నుంచి కెనడాకు అలా నేరుగా నడిచే ఓడ లేదు. కాబట్టి నిబంధనలో ‘భారతీయులు రాకూడదు’ అన్న మాట లేకపోయినా జరిగింది అదే. పైగా ఒక్కొక్కరి చేతిలో 200 డాలర్లు ఉండాలన్నారు. భార్యాబిడ్డలను తెచ్చుకునే దారి కూడా మూసుకుపోయింది.

సంగత్ ఏం చేసింది? వెంటనే తుపాకీ పట్టలేదు. అర్జీలు రాసింది, వకీళ్ళను పెట్టుకుంది, కోర్టులకెక్కింది. 1913లో ముగ్గురు ప్రతినిధులను లండన్‌కు, అక్కడి నుంచి భారతదేశానికి పంపింది. వారిలో ఒకరైన భాయీ బల్వంత్ సింగ్ ఆ గురుద్వారా గ్రంథీయే. వాళ్ళు ఖాళీ చేతులతో తిరిగివచ్చారు.

1914 మే 23న కొమగటా మారు అనే ఓడ వాంకూవర్ రేవుకు చేరింది. బాబా గుర్‌దిత్ సింగ్ అద్దెకు తీసుకున్న ఆ ఓడలో 376 మంది ఉన్నారు. ఎక్కువ మంది సిక్కులు, కొందరు ముస్లింలు, హిందువులు. రెండు నెలలు ఓడ రేవులోనే నిలబడింది. తిండికీ నీళ్ళకూ కటకటలాడారు. తీరాన ఉన్న సంగత్ చందాలు పోగుచేసి ఓడ అద్దె బాకీ కట్టింది, కేసు నడిపింది. అయినా అంతకుముందే కెనడాలో ఉండి వచ్చిన కొద్దిమందిని తప్ప ఎవరినీ దిగనివ్వలేదు. జులై 23న యుద్ధనౌకను పక్కన పెట్టి మరీ ఓడను వెనక్కి పంపారు. సెప్టెంబరు 29న అది కలకత్తా దగ్గర బజ్ బజ్ చేరినప్పుడు పోలీసు కాల్పుల్లో సుమారు 20 మంది ప్రయాణికులు చనిపోయారు.

2. గురుద్వారాలో రక్తం

ఈ కథలో రెండో మనిషి విలియం హాప్కిన్సన్. కలకత్తా పోలీసు శాఖలో పనిచేసి కెనడా వచ్చి, వలస శాఖలో ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. మన భాష తెలిసినవాడు. అందుకే పైకి వలస అధికారిగా ఉంటూ, లోపల సిక్కుల మీద, గదర్ ఉద్యమకారుల మీద నిఘా పెట్టి ప్రభుత్వాలకు సమాచారం పంపేవాడు. దానికోసం సంగత్ లోపలే కొందరిని తన మనుషులుగా చేసుకున్నాడు. వారిలో ముఖ్యుడు బేలా సింగ్.

ఒక సంగత్‌లో గూఢచారి చేరితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. అన్న తమ్ముణ్ణి నమ్మడు. లంగర్‌లో పక్కన కూర్చున్నవాడు ఎవరి మనిషో తెలియదు. 1914 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో బేలా సింగ్ వైపు ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. సెప్టెంబరు 5న బేలా సింగ్ గురుద్వారా లోపలే తుపాకీ పేల్చాడు. సొసైటీ అధ్యక్షుడు భాయీ భాగ్ సింగ్, ఆయనతోపాటు భాయీ బదన్ సింగ్ చనిపోయారు. ఇంకా కొందరు గాయపడ్డారు. గురు గ్రంథ్ సాహిబ్ హుజూరులో సంగత్ రక్తం పారింది.

ప్రాణరక్షణ కోసమే కాల్చానని బేలా సింగ్ అన్నాడు. అతని పక్షాన సాక్ష్యం చెప్పడానికి హాప్కిన్సన్ సిద్ధమయ్యాడు.

మేవా సింగ్ అంతకుముందే ఆ అధికారుల చేతికి చిక్కి ఉన్నాడు. ఆ జులైలో అమెరికా వైపు నుంచి తుపాకీతో సరిహద్దు దాటుతూ పట్టుబడ్డాడు. 50 డాలర్ల జరిమానాతో బయటపడ్డాడు. తోటి సిక్కులకు వ్యతిరేకంగా చెప్పమని తనను ఒత్తిడి పెట్టారన్నది ఆయన ఫిర్యాదు.

1914 అక్టోబరు 21న వాంకూవర్ కోర్టు భవనంలో, సాక్ష్యం కోసం వేచి ఉన్న హాప్కిన్సన్‌ను మేవా సింగ్ కాల్చి చంపాడు. పారిపోలేదు, లొంగిపోయాడు. అక్టోబరు 30న విచారణ రెండు గంటలు కూడా పట్టలేదు. తప్పించుకునే వాదన చేయలేదు. గురుద్వారాలో జరిగిన హత్యలకు న్యాయం దొరకదని, తన పంథ్‌కు జరిగిన అవమానం భరించలేక చేశానని, చావుకు సిద్ధంగానే ఉన్నానని చెప్పాడు. 1915 జనవరి 11న న్యూ వెస్ట్‌మిన్‌స్టర్ జైల్లో ఉరి తీశారు. జైలు బయట వందల మంది సిక్కులు చలిలో నిలబడి, ఆయన దేహాన్ని ఊరేగింపుగా తీసుకెళ్ళి సంస్కారం చేశారు.

3. వివాదం ఏమిటి?

అప్పటినుంచి అక్కడి గురుద్వారాల్లో ప్రతి జనవరిలో ఆయన షహీదీ దినం జరుపుతున్నారు. ఆయన పేర లంగర్ హాళ్ళున్నాయి. హాప్కిన్సన్‌ను మాత్రం విధి నిర్వహణలో ప్రాణం పోగొట్టుకున్న అధికారిగా ఆ దేశంలో చాలామంది గుర్తుంచుకుంటారు. ఆయన అంత్యక్రియలకూ నగరం పెద్ద ఎత్తున కదిలి వచ్చింది. ఒకే సంఘటన, ఒకే ఊరు, రెండు జ్ఞాపకాలు.

గౌరవించకూడదు అనేవారి మాట ఇది: కోర్టు ఆవరణలో సాక్షిని చంపడం న్యాయాన్నే చంపడం. ప్రార్థనా స్థలంలో హంతకుడి పటం పెడితే పిల్లలు ఏం నేర్చుకుంటారు? పగ ఉన్న ప్రతివాడూ తనను తాను మేవా సింగ్ అనుకుంటే ఏం కావాలి?

గౌరవించాలి అనేవారి మాట ఇది: ఆ కోర్టు మాకు కోర్టు కాదు. ఓటు లేనివాడికి, భార్యాబిడ్డలను తెచ్చుకునే హక్కు లేనివాడికి, గుడిలోనే చంపబడినవాడికి చట్టం ఎక్కడుంది? ఆయన డబ్బు కోసమో సొంత పగ కోసమో చేయలేదు, ప్రాణం ఇచ్చి బదులు తీర్చుకున్నాడు.

ఈ రెండు మాటల్లో ఒకదాన్ని కొట్టిపారేస్తే పాఠం తేలికే. కానీ అది అబద్ధపు పాఠం అవుతుంది.

4. మన చరిత్రను అడుగుదాం

మీలో కొందరు వెంటనే అడుగుతారు: “మరి 1740లో శ్రీ హర్‌మందిర్ సాహిబ్‌ను అపవిత్రం చేసిన మస్సా రంఘడ్‌ను చంపిన భాయీ సుఖా సింగ్, భాయీ మెహతాబ్ సింగ్‌ల బొమ్మలు మన ఇళ్ళల్లో లేవా?” ఉన్నాయి. 1940 మార్చి 13న లండన్ కాక్స్‌టన్ హాల్లో మైకేల్ ఓ’డ్వయర్‌ను కాల్చిన ఉధమ్ సింగ్‌ను దేశమంతా గౌరవిస్తుంది కదా? గౌరవిస్తుంది. జలియన్‌వాలా బాగ్ కాల్పుల నాటి పంజాబ్ గవర్నర్ ఓ’డ్వయర్. ఉధమ్ సింగ్‌ను 1940 జులై 31న ఉరి తీశారు. 1974లో ఆయన అవశేషాలు భారతదేశానికి వచ్చాయి. ఉత్తరాఖండ్‌లో ఒక జిల్లాకే ఆయన పేరు ఉంది. అయితే ఆ హత్య జరిగిన రోజుల్లో మహాత్మా గాంధీ దాన్ని ఖండించారన్నది కూడా చరిత్రే. అంటే ఈ వాదన కెనడా సిక్కులది మాత్రమే కాదు. అణచివేతకు గురైన ప్రతి జాతి ఇంట్లోనూ జరిగే వాదన.

కానీ ఒక తేడా గమనించండి. 1740లో సిక్కు తలకు వెల కట్టారు. అర్జీ పెట్టుకునే చోటు లేదు, వినే చెవి లేదు. కలమ్ పనిచేయని చోట, మాట పనిచేయని చోట, అన్ని దారులూ మూసుకుపోయాకే ఆయుధం అన్నది కల్గీధర్ పాతషాహ్ ఔరంగజేబుకు పంపిన జఫర్‌నామాలోని బోధ. ఆయుధం మొదటి మెట్టు కాదు, ఆఖరి మెట్టు. 1914లో వాంకూవర్ సంగత్ ముందు కొన్ని దారులు మూసుకుపోయాయి, కొన్ని సగం తెరిచి ఉన్నాయి. అందుకే ఆ కథ మీద తీర్పు చెప్పడం కష్టం. మస్సా రంఘడ్ కథంత సూటిగా అది లేదు.

ఇంకొకటి. ‘షహీద్’ అన్న అరబ్బీ మాటకు మూలార్థం సాక్షి. సత్యానికి ప్రాణంతో సాక్ష్యం చెప్పినవాడు. మన షహీదీ పరంపర గురు అర్జన్ దేవ్ జీతో, 1606లో మొదలైంది. 1675లో గురు తేగ్ బహాదుర్ జీ ఢిల్లీలో శిరస్సు ఇచ్చారు. చిన్న సాహిబ్‌జాదాలు సర్హింద్ గోడలో నిలబడ్డారు. వీళ్ళెవరూ ఆ రోజు ఎవరినీ చంపలేదు. చంపడం వల్ల ఎవరూ షహీద్ కారు. సత్యం కోసం తాను నిలబడి, తన మీదికి వచ్చినదాన్ని భరించడం వల్ల అవుతారు.

5. గౌరవానికి మూడు ప్రశ్నలు

ఒకరి పటం గోడకు తగిలించే ముందు మనం మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది: కథ మొత్తం చెబుతున్నామా? మేవా సింగ్ చేసినది హత్య. ఆ మాట దాచకూడదు. హాప్కిన్సన్‌కు భార్య, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. ఆ రోజు వాళ్ళ ఇంట్లో దీపం ఆరిపోయింది. అది చెప్పకుండా మేవా సింగ్ కథ చెబితే సగం సత్యం చెప్పినట్టు. అలాగే ఓడ సంగతి, ఓటు సంగతి, గురుద్వారాలో పారిన రక్తం సంగతి చెప్పకుండా ‘కోర్టులో ఆఫీసర్ని చంపాడు’ అని మాత్రమే చెప్పేవారిదీ సగం సత్యమే. సగం సత్యంతో అర్దాస్ చేయలేం.

రెండోది: దేన్ని గౌరవిస్తున్నాం? ఆయనలో గౌరవించదగినవి నాకు కనిపించినవి చెబుతాను. తోటివారి మీద సాక్ష్యం చెప్పమంటే అది అన్యాయమని నమ్మాడు. చేసినదానికి పేరు దాచుకోలేదు, నెపం ఇంకొకరి మీద వేయలేదు, శిక్ష నుంచి తప్పించుకోవాలని చూడలేదు. సంగత్ బాధను తన బాధ అనుకున్నాడు. ఈ గుణాలకు తల వంచవచ్చు. పేలిన తుపాకీకి తల వంచనక్కర్లేదు.

మూడోది: దానివల్ల ఏం వచ్చింది? హాప్కిన్సన్ చనిపోయినా బేలా సింగ్ నిర్దోషిగానే విడుదలయ్యాడు. ఓడ తిరిగి రాలేదు. చట్టం మారలేదు. ఓటు హక్కు 1947లో తిరిగి వచ్చింది, అంటే పోయిన 40 ఏళ్ళకు. అది తూటాతో రాలేదు. ఖాల్సా దీవాన్ సొసైటీ వాళ్ళు ఏళ్ళ తరబడి అర్జీలు పట్టుకుని మంత్రుల గుమ్మాలు ఎక్కి దిగితే వచ్చింది. 2016 మే 18న కెనడా ప్రధాని పార్లమెంటులో నిలబడి కొమగటా మారు విషయంలో క్షమాపణ చెప్పారు. ఓడను తిప్పి పంపిన 102 ఏళ్ళకు వచ్చిన ఆ క్షమాపణ వెనక కూడా పుస్తకాలు రాసినవారు, జ్ఞాపకాన్ని కాపాడినవారు, పదే పదే అడిగినవారు ఉన్నారు. వాళ్ళ పటాలు గోడల మీద తక్కువగా కనిపిస్తాయి. అది మన లోపం.

నా మనసులో మాట ఇది. వాంకూవర్ సంగత్ తన మనిషిని మరచిపోవాలని నేను అనను. ఆ చలిలో జైలు బయట నిలబడినవారి పిల్లలు, మనవలు వాళ్ళు. ఆ జ్ఞాపకం వాళ్ళ హక్కు. కానీ ఆ పటం కింద నిలబడి పిల్లలకు కథ చెప్పేవాడు హాప్కిన్సన్ కూతుళ్ళ గురించి కూడా చెప్పాలి. చెప్పగలిగితేనే అది గౌరవం. చెప్పలేకపోతే అది పగను పెంచుకోవడమే.

6. సిక్లిగర్ ఇంటికి ఈ పాఠం ఎందుకు?

మన పేరులోనే ఆయుధం ఉంది. సిక్లిగర్ అంటే కత్తికి మెరుగు పెట్టేవాడు. గురువుల ఫౌజుకు ఆయుధాలు చేసిన వంశం మనదని మన పెద్దలు చెబుతారు. ఆ గర్వం ఉండాలి. కానీ కొలిమి దగ్గర పెరిగినవాళ్ళకు ఒక సంగతి అందరికంటే బాగా తెలుసు. పదును పెట్టడానికి పూట పడుతుంది, తెగడానికి రెప్పపాటు చాలు. అందుకే మన తాతలు పదును పెట్టిన కత్తిని ఒరలో పెట్టి గానీ ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు. చరిత్రను కూడా అలాగే ఇవ్వాలి. మేవా సింగ్ కథ పదునైన కథ. ఒర లేకుండా పిల్లవాడి చేతికి ఇస్తే వాడి చెయ్యే తెగుతుంది.

ఆ తల్లి భయం పిరికితనం కాదు. తెల్లదొరలు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చి, ఎన్నో సంచార కులాల మీద పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేశారు. చట్టం పోయినా అనుమానం పోలేదు. తాళం చెవి చేసినా, కూరగాయల కత్తి చేసినా, బక్కెట్టుకు అడుగు వేసినా, మన చేతుల వైపు చూసే చూపు వేరుగా ఉంటుంది. ఇలాంటప్పుడు మన కుర్రవాడు ఒక హత్యను పొగుడుతూ స్టేటస్ పెడితే, దాని వెల కట్టేది వాడొక్కడే కాదు, వీధి మొత్తం.

అలాగని మౌనం కూడా మందు కాదు. చెప్పకపోతే పిల్లలు తెలుసుకోరని కాదు. ఫోనులో తెలుసుకుంటారు, సగం సగం తెలుసుకుంటారు. అన్యాయం జరిగినప్పుడు ఏం చేయాలన్నది మనమే చెప్పాలి. ఈ రోజు మనకు ఓటు ఉంది. పట్టుకెళ్తే ఎందుకు పట్టుకెళ్ళారో అడిగే హక్కు ఉంది, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్న రాజ్యాంగపు రక్ష ఉంది, వకీలును పెట్టుకునే హక్కు ఉంది. ఆ దారులు కష్టమైనవే, తిరిగి తిరిగి చెప్పులు అరిగేవే. కానీ మూసుకుపోయినవి కావు. తెరిచి ఉన్న తలుపును వదిలేసి గోడ బద్దలుకొట్టేవాడు సంత్ సిపాహీ కాడు.

7. తరవాతి ఆదివారం

ఇదంతా పిల్లలకు చెప్పాక, చివర్లో భాయీ కన్హయ్య కథ కూడా చెప్పాను. ఆనంద్‌పూర్ యుద్ధంలో ఆయన గాయపడ్డ శత్రువులకు కూడా నీళ్ళు పోశాడు. సిక్కులు ఫిర్యాదు చేస్తే గురు గోబింద్ సింగ్ జీ ఆయనను మందలించలేదు. నీళ్ళతోపాటు గాయాలకు మందు కూడా పూయమని లేపనం ఇచ్చారు. ఖడ్గం ఇచ్చిన చేతులే లేపనమూ ఇచ్చాయి. ఒకటి గుర్తుంచుకుని రెండోది మరచిపోతే మనం గురువును సగమే విన్నట్టు.

పెద్దవాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత, “ఆ ఇద్దరు ఆడపిల్లల సంగతి నాకు తెలియదు గ్యానీ జీ,” అన్నాడు. స్టేటస్ తీసేయమని నేను అనలేదు. సాయంత్రం చూస్తే ఫోటో అలాగే ఉంది. కింద ఉన్న తుపాకీ బొమ్మ లేదు. దాని బదులు మూడు పేర్లు రాసి ఉన్నాయి: భాగ్ సింగ్, బదన్ సింగ్, హాప్కిన్సన్.

వాళ్ళమ్మ ఆ రోజు లంగర్‌లో రోటీలు చేస్తూ నన్ను పిలిచి, “చెప్పింది మంచిదే తమ్ముడూ,” అంది.

మన ప్రతి అర్దాస్ సర్బత్ దా భలాతో ముగుస్తుంది. సర్బత్ అంటే అందరూ. మనవాళ్ళు మాత్రమే అయితే ఆ మాట అక్కర్లేదు.

ఇంట్లో అందరూ కలిసి ఆలోచించవలసిన ప్రశ్నలు

1. 1908 నిబంధనలో ‘భారతీయులు రాకూడదు’ అని లేకపోయినా వాళ్ళను ఎలా ఆపగలిగింది?
2. అక్టోబరు 21కి ముందు వాంకూవర్ సంగత్ ఏయే శాంతి మార్గాలు ప్రయత్నించింది?
3. ‘షహీద్’ అన్న మాటకు మూలార్థం ఏమిటి? ఆ అర్థంతో చూస్తే మేవా సింగ్‌లో మీరు దేన్ని గౌరవిస్తారు, దేన్ని గౌరవించరు?
4. మీ ఇంట్లో, మీ వీధిలో జరిగిన ఒక అన్యాయాన్ని గుర్తుచేసుకోండి. దానికి ఈ రోజు తెరిచి ఉన్న తలుపులు ఏమిటి? మొదట ఎవరి దగ్గరికి వెళ్ళాలి?
5. భాయీ కన్హయ్య కథను మీ పిల్లలకు మీ మాటల్లో చెప్పండి. తరవాత మేవా సింగ్ కథ చెప్పండి. వాళ్ళు ఏం అడుగుతారో వినండి.

భూల్ చూక్ మాఫ్ కర్నీ జీ.
వాహెగురూ జీ కా ఖాల్సా, వాహెగురూ జీ కీ ఫతే.